బ్యారన్‌లో ఆకు ఎందుకు చెడింది?

బ్యారన్‌లో, అంటే పొగాకు ఆకును పొయ్యి వేడికి ఆరబెట్టే గదిలో, ఆకు పాడైతే ముందు తిట్లు తినేది పొయ్యి దగ్గర కూర్చున్నవాడే. మా ప్రకాశం జిల్లాలో బ్యారన్ల దగ్గర నేను చూసినంతలో, సగం తప్పులు ఆకు బ్యారన్ ఎక్కకముందే జరిగిపోయి ఉంటాయి. ఇక్కడ రాసేదంతా వర్జీనియా పొగాకు గురించే. నాటు పొగాకు లెక్క వేరు. మా థర్మామీటర్లు ఫారెన్‌హీట్‌వి, కాబట్టి డిగ్రీలు కూడా అవే.

రెండు రోజులైనా ఆకు పసుపెక్కడం లేదు

వెంటిలేటర్లు మూసి, 90 నుంచి 100 డిగ్రీల మధ్య ఉంచితే ఒకటిన్నర, రెండు రోజుల్లో రంగు తిరగాలి. తిరగలేదంటే చాలాసార్లు కారణం చేలోనే ఉంటుంది: నత్రజని ఎక్కువైంది, లేదా ఆకు పండకుండానే కొట్టారు, అంటే కోశారు.

ఒక ఏడు మా నాన్న వద్దంటున్నా వినకుండా మొక్కల తలలు (పూమొగ్గలు) తుంచాక కూడా యూరియా వేశాను. చేను నల్లగా నవనవలాడింది. దారిన పోయేవాళ్లు ఆగి మరీ చూశారు. తీరా బ్యారన్‌లో మూడో రోజుకు కూడా ఆకు ఈనెల వెంబడి పచ్చదనం పోలేదు. విసుగొచ్చి మంట పెంచాను. ఆ పచ్చ అలాగే బిగుసుకుపోయింది. వేలంలో ఆ బేళ్లకు పలికిన రేటు ఇప్పటికీ ఇంట్లో ఎత్తరు.

అప్పుడు చేయాల్సింది మంట పెంచడం కాదు. 100 దగ్గరే పట్టి ఉంచి, నేల మీద నీళ్లు చల్లి తేమ నిలబెట్టి, ఇంకో పూట ఆగాలి. ఆకు కొనలు గోధుమ రంగుకు తిరగడం మొదలైతే మాత్రం ఇక ఆగకూడదు. మిగిలిన పచ్చను వదులుకుని ముందుకు వెళ్లాల్సిందే.

కొట్టడానికి ముందు నీళ్లు బాగా పెట్టి ఎరువు కడిగేయొచ్చని కొందరు అంటారు. ఆకులోకి ఎక్కిన నత్రజని నీళ్లకు దిగిరాదు. పైగా పండబోతున్న ఆకుకు తడి తగిలితే మళ్లీ పచ్చబడుతుంది. వాన పడిన మర్నాడు ఆకు కొట్టొద్దనేది అందుకే. నాలుగైదు రోజులు ఆగితే పచ్చ తగ్గుతుంది, వానకు కొట్టుకుపోయిన ఆకు మీది బంక కూడా మళ్లీ పడుతుంది. పైపాటు ఎరువు (నాటాక వేసేది) నాటిన నెల, నెలన్నర లోపే ముగించాలి. అప్పటికే ఎక్కువైపోతే తల కాస్త ఆలస్యంగా, కాస్త పైకి తుంచితే ఆ బలం నాలుగు ఆకులకు ఎక్కువగా పంచుకుపోతుంది.

పండిన ఆకును చేత్తో గుర్తుపట్టొచ్చు. ఈనె పాలలా తెల్లబడుతుంది, కొన కిందికి వాలుతుంది, కిందికి వంచితే టప్‌మని విరుగుతుంది. సాగి, పీచులా వచ్చిందంటే ఇంకా పచ్చిదే. (మంచుకు తడిసిన ఆకు ఒళ్లంతా రాసుకుంటూ కొడితే నికోటిన్ చర్మం గుండా ఎక్కి వాంతులు, కళ్లు తిరగడం వస్తాయి. మంచు ఆరాకే కూలీలను దింపండి.)

పసుపెక్కిన ఆకు మళ్లీ గోధుమ రంగుకు తిరిగింది

రంగు వచ్చాక కూడా తేమను లోపలే పట్టి ఉంచారు. పసుపు పూర్తయ్యాక ఆకు నీరు వదలాలి, ఆ ఆవిరి బయటికి పోవాలి. కింది, పై వెంటిలేటర్లు కొద్దికొద్దిగా తీస్తూ గంటకు ఒకటి రెండు డిగ్రీల చొప్పున 120 దాకా తీసుకెళ్లాలి. తలుపు సందులో ముఖం పెడితే ఉక్కపోత కొడుతుంటే గాలి చాలడం లేదని అర్థం. ఆకు కట్టి వేలాడదీసే కర్రలు మరీ దగ్గరగా వేసినా ఇంతే. అడుగు ఆకుల్లో నీరు ఎక్కువ, వాటికి కాస్త ఎడం ఇవ్వాలి.

ఒక్క రాత్రిలో ఉడికినట్టు నల్లబడింది

ఇది దానికి తిరగబడ్డ తప్పు. ఆకు ఇంకా తడిగా ఉండగానే వేడి ఒక్కసారిగా ఎక్కింది. తెల్లవారుజామున కునుకు పట్టి, లేచాక కంగారుగా పొయ్యి నిండా కట్టెలు దూర్చినప్పుడే ఎక్కువగా జరుగుతుంది. ఉడికిన ఆకుకు మందు లేదు. రాత్రి కాపలాకు ఇద్దరుండాలి.

ఈనె పక్కన నల్లటి చార

రేకు (ఈనెకు రెండు పక్కలా ఉండే పల్చటి భాగం) ఆరిపోయింది, ఈనె ఆరుతోంది, అంతలో మంట పడిపోయింది. ఈనెలోని నీరు వెనక్కి రేకులోకి పాకింది. 140 దాటాక వేడి తగ్గనివ్వకుండా, వెంటిలేటర్లు మెల్లగా మూసుకుంటూ 160 దాకా వెళ్లి, అక్కడే నిలపాలి. దించేముందు ఒక్క కర్ర చూసి సరిపెట్టుకోవద్దు. నాలుగు మూలల నుంచీ, కింది వరుసల నుంచీ, పై వరుసల నుంచీ ఆకులు తీసి ఈనె లావు వైపు విరవండి. పుల్లలా విరగాలి. వంగితే ఇంకా ఆరాలి. 165 దాటించారంటే మాత్రం ఆకు ఎర్రబడుతుంది.

ముట్టుకుంటే పొడిపొడి అవుతోంది

కంగారు లేదు. రాత్రి తలుపులు తీసి ఉంచండి, మంచుకు మెత్తబడ్డాక దించుకోండి.

మండె వేడెక్కింది, బూజు వాసన

ఈనె పూర్తిగా ఆరని ఆకు మండెలోకి (దించిన ఆకు పేర్చిన కుప్పలోకి) వచ్చింది, లేదా మరీ మెత్తబడ్డాక దించారు. మోచేతి దాకా చెయ్యి దూర్చి చూడండి. వెచ్చగా తగిలితే ఆ పూటే మండె విప్పి, ఆకు ఆరబెట్టి, అడుగుది పైకి వచ్చేలా తిరగవేయాలి. బూజు పట్టినవి వేరుగా తీసేయండి, మంచి ఆకులో కలిపి దాచినా వేలం ప్లాట్‌ఫాంలో బేలు విప్పగానే బయటపడుతుంది.

ఎంత ఆరబెట్టినా ఆకు తేమ లాగుతూనే ఉంది, అంటిస్తే సరిగ్గా మండదు

ఇది పొయ్యి తప్పు కానే కాదు, క్లోరైడ్. ఆకులో అది ఒకటిన్నర శాతం దాటితే మండే గుణం దెబ్బతింటుంది, తేమ పడుతూనే ఉంటుంది. రెండు చోట్ల చూడండి: ఉప్పు బావి నీళ్లు పెట్టారేమో, పొటాష్ కోసం చవకగా వస్తుందని మ్యూరేట్ (క్లోరైడ్ ఉండే పొటాష్ ఎరువు) వేశారేమో. పొగాకుకు సల్ఫేట్ ఆఫ్ పొటాషే వేయాలి. ఈ ఏడు ఆకుకు చేయగలిగింది ఏమీ లేదు. వచ్చే ఏడు నారు పోసేలోపు బావి నీళ్లు పరీక్షకు పంపండి.