మందుల హోల్‌సేల్‌లో చేతి బిల్లు నుంచి సాఫ్ట్‌వేర్‌కి మారేటప్పుడు

కంప్యూటర్ కొనడం ఇందులో చిన్న పని. ఏ ర్యాక్‌లో ఏముందో, ఏ షాపుకి 10+1 స్కీము (పది కొంటే ఒకటి ఉచితం) ఇస్తున్నారో, ఎవరి ఎక్స్‌పైరీ సరుకు వెనక్కి తీసుకోవాలో పాత గుమాస్తా బుర్రలో ఉంటుంది. ఆయన్ని పక్కనపెట్టి కుర్రాళ్లకి మాత్రమే నేర్పిస్తే మొదటి వారంలోనే పని మొరాయిస్తుంది. ర్యాక్ నంబర్లు, స్కీములు ఎక్కించే పని ఆయనతోనే మొదలుపెట్టండి. టైపింగ్ రాకపోతే ఆయన చెబుతుంటే ఇంకొకరు కొడతారు.

అంతకంటే ముందు ఒక వారం ఏమీ మార్చకుండా చూడండి. ఫోన్‌లో ఆర్డర్ వచ్చిన దగ్గర్నుంచి సరుకు ఆటో ఎక్కేదాకా చీటీ ఎన్ని చేతులు మారుతోంది, ఎక్కడ ఆగుతోంది, రోజుకి ఎన్ని బిల్లుల్లో తప్పు సరుకు వెళ్తోంది, రాసిపెట్టుకోండి. తర్వాత ‘పాతదే నయం’ అనే మాట వచ్చినప్పుడు ఈ అంకెలే అక్కరకొస్తాయి.

మారే తేదీ నెలాఖరున వద్దు. నెలనెలా జీఎస్టీ రిటర్న్ వేసేవాళ్లకి 11న జీఎస్టీఆర్-1 (అమ్మకాల వివరాలు), 20న జీఎస్టీఆర్-3బి (పన్ను లెక్క) గడువులు ఉంటాయి, ఆ దరిదాపుల్లోనూ వద్దు. వానలు పడి జ్వరాల సీజన్ ఊపందుకుందంటే అసలే వద్దు.

స్టాక్ లెక్క ఆదివారం, షట్టర్ దించి చెయ్యాలి. ఒకరు లెక్కపెట్టాలి, ఒకరు రాయాలి: పేరు, బ్యాచ్ (ఏ విడతలో తయారైందో చెప్పే నంబరు), ఎక్స్‌పైరీ, ఎమ్మార్పీ, ఎన్ని స్ట్రిప్పులు. అయిపోయిన ర్యాక్‌కి స్టిక్కర్ అంటించాక దాన్ని ఎవరూ ముట్టుకోకూడదు.

ఎక్కువగా తేడా వచ్చేది బ్యాచ్ దగ్గరే. కుర్రాడు చేతికందిన బాక్సు తీస్తాడు, సాఫ్ట్‌వేర్ తనంతట తాను ఇంకో బ్యాచ్ ఎక్కిస్తుంది. ఆరోజు ఎవరికీ తెలియదు. కొన్ని నెలలకి రిటైలర్ ఎక్స్‌పైరీ సరుకు తిప్పి పంపితే ఆ బ్యాచ్ బిల్లులో కనబడదు, గొడవ మొదలవుతుంది. అందుకే సరుకు బల్ల మీదికి వచ్చాకే, బాక్సు మీద చూసి బిల్లు కొట్టాలి. “అన్నా, ఇందులో రెండు బ్యాచులున్నాయి, ఏది కొట్టను?” అని కుర్రాడు అడిగాడంటే పని గాడిన పడుతున్నట్టే. ఎక్స్‌పైరీ దగ్గరున్నది ముందు పంపండి, రెండు బ్యాచుల మధ్య అట్టముక్క పెట్టండి.

మొదట్లో బిల్లింగ్ నెమ్మదిస్తుంది, తప్పదు. ఒక మనిషిని అదనంగా పెట్టి, ఆర్డర్లు గంట ముందే ఇమ్మని షాపులకి చెప్పండి. ఎవరి లాగిన్ వాళ్లకుండాలి, కానీ మొదటి నెల తప్పులకి జీతం కోయొద్దు. కోస్తే తప్పులు దాస్తారు, స్టాక్ లెక్క ఎప్పటికీ కలవదు.

పుస్తకం, కంప్యూటర్ రెండూ రెండు వారాలే నడపండి. ఆఖరి తేదీ ముందే గోడమీద రాయండి. ఆ రోజు పుస్తకాలన్నీ బీరువాలోకి వెళ్లాలి, తాళంచెవి కౌంటర్ దగ్గర ఉండకూడదు. ఇక్కడ మాట తప్పేది చాలాసార్లు ఓనరే. తెలిసిన షాపతను తొందరపెడితే చీటీ మీద రాసి సరుకు ఇచ్చేస్తాడు. అది చూసిన మర్నాడే డ్రాయర్లోంచి పాత చీటీల కట్ట బయటికొస్తుంది.