సినీరంగంపై తీసిన వ్యంగ్య చిత్రం మెప్పుకు తగునో లేదో తేల్చుకోవడం ఎలా

సినిమావాళ్లు తమ రంగాన్నే ఎద్దేవా చేస్తూ సినిమా తీసినప్పుడల్లా దాన్ని గొప్ప సాహసంగా పొగడడం పరిపాటి. ఆ మెప్పు న్యాయమైనదో కాదో తేల్చుకోవడానికి గోదావరి డెల్టా ప్రేక్షకులకు మంచి వీలుంది. దాసరి నారాయణరావు, అల్లు రామలింగయ్య, కోడి రామకృష్ణ పుట్టిన పాలకొల్లులోనూ, ఆ చుట్టుపక్కల ఊళ్లలోనూ, మద్రాసు, హైదరాబాదు వెళ్లి నిలదొక్కుకున్నవారి కథలతో పాటు ఉన్నది అమ్ముకుని తిరిగివచ్చినవారి కథలు కూడా అందరికీ తెలుసు. ఈస్ట్, వెస్ట్ గోదావరి జిల్లాల పంపిణీ హక్కులు కొన్న బయ్యరు మార్నింగ్ షో దగ్గర పడే ఆదుర్దా కూడా తెలుసు. ఆ తెలిసిన సంగతులనే గీటురాయిగా పెట్టుకుని చూడాలి.

మొదట గమనించవలసింది, దెబ్బ ఎవరి మీద పడుతోందన్నది. ఇంటర్వెల్ సమయానికి నవ్వులపాలైనవారు ఎవరెవరో లెక్క వేసుకోండి. జూనియర్ ఆర్టిస్టు, వేషం కోసం తిరిగే కుర్రవాడు, భాష రాని కొత్త హీరోయిన్, మన యాసలో మాట్లాడుతూ కథ అర్థం కాకపోయినా తలూపే నిర్మాత, వీరే అయితే ఆ చిత్రం తిరిగి కొట్టలేనివారిని మాత్రమే కొడుతోందన్నమాట. ఆ నిర్మాత పాత్ర విషయంలో మరింత జాగ్రత్త అవసరం, ఎందుకంటే భీమవరం హాల్లో అతడిని చూసి అందరికంటే గట్టిగా నవ్వేది మనమే. చేపల చెరువుల మీద సంపాదించిన సొమ్మో, పొలం అమ్మిన సొమ్మో అతడు తెచ్చిపెట్టాక అది ఎవరి చేతుల్లోకి ఎలా పోయిందో చెప్పకుండా, అతడి తెలివితక్కువతనాన్ని మాత్రమే చూపించే చిత్రాన్ని నేను మెచ్చుకోలేను.

సన్నివేశాలను వెక్కిరించడం వేరు, రంగాన్ని విమర్శించడం వేరు. 2010 నాటి 'తమిళ్ పడం' ఆధారంగా భీమనేని శ్రీనివాసరావు దర్శకత్వంలో అల్లరి నరేష్ నటించిన 'సుడిగాడు' (2012) పేరున్న సినిమాల సన్నివేశాలను వరుసగా పేరడీ చేసింది. నవ్వించినందుకు దాన్ని ఎంత మెచ్చుకున్నా తప్పులేదు. అయితే అలాంటి సన్నివేశాలు ఎవరి ఒత్తిడితో మళ్లీ మళ్లీ తయారవుతున్నాయన్నది దాని విషయం కాదు కనుక, పరిశ్రమ గుట్టు విప్పిందని మాత్రం అనకూడదు.

అన్నిటికంటే గట్టి పరీక్ష డబ్బు. తిరిగి ఇవ్వనక్కరలేని అడ్వాన్సు పద్ధతిలో, అంటే ఎన్.ఆర్.ఏ. మీద, హక్కులు కొన్న బయ్యరుకు వసూళ్లు రాకపోతే ఆ నష్టం అతడిదే. మామూలు అడ్వాన్సు అయితే లోటును నిర్మాత తిరిగి చెల్లించాలి. హీరో పారితోషికం మాత్రం విడుదలకు ముందే బడ్జెట్‌లో చేరిపోయి ఉంటుంది. ఈ వ్యవహారంలో ఒక్క ముడినైనా విప్పి చూపించిన చిత్రానికి, అది కాస్త నెమ్మదిగా నడిచినా సరే, ఎక్కువ మార్కులు వేయండి.

ఇందుకు నాకు తెలిసినంతలో మంచి ఉదాహరణ రాబర్ట్ ఆల్ట్‌మన్ తీసిన హాలీవుడ్ చిత్రం 'ది ప్లేయర్' (1992). అందులో ఒక రచయితను చంపిన స్టూడియో అధికారి దగ్గరికి మరొక కథ వస్తుంది. ఆ కథలో తారలు ఉండకూడదనీ, నిర్దోషి అయిన కథానాయిక చివరికి మరణశిక్షకు బలికావాలనీ, వాస్తవం అదేననీ కథ తెచ్చినవారు పట్టుబడతారు. ఏడాది గడిచాక ఆ కథతో తీసిన సినిమా ముగింపును మనం చూస్తాం: గ్యాస్ ఛాంబర్‌లో ఉన్నది జూలియా రాబర్ట్స్, అద్దం పగలగొట్టి ఆమెను ఎత్తుకుపోయేది బ్రూస్ విల్లిస్. ఇదేమిటని నిలదీసిన ఉద్యోగినికి, పాత ముగింపు పరీక్షా ప్రదర్శనలో ఎవరికీ నచ్చలేదనీ, వాస్తవమంటే ఇదేననీ కథ తెచ్చినవాళ్లే జవాబు చెబుతారు; ఆమె ఉద్యోగం పోతుంది, హంతకుడు స్టూడియో పెద్ద అవుతాడు. ఒక కథ ఎలా చస్తుందో అంచెలంచెలుగా చూపడమే కాక, తెర మీదికి వచ్చిన నిజమైన తారలను కూడా ఆ తప్పులో భాగస్వాములను చేసింది కనుక దానికి వచ్చిన కీర్తి పూర్తిగా న్యాయమైనది. మన చిత్రాల్లో అతిథిగా కనిపించిన హీరోకు ఆ సన్నివేశంలో ఏదైనా తగులుతోందా, లేక ఈలలు మాత్రమే దక్కుతున్నాయా అన్నది దీనితో పోల్చి చూసుకోవచ్చు.

కొన్ని చిత్రాలకు మెప్పును పాక్షికంగానే ఇవ్వాలి. మలయాళంలో శ్రీనివాసన్ రాసిన 'ఉదయనాణు తారం' (2005)లో స్నేహితుడి కథను దొంగిలించి తార అయిన వ్యక్తిగా ఆయనే నటించారు. షూటింగ్‌కు సహకరించని ఆ తారను రహస్య కెమెరాలతో చిత్రీకరించి, దర్శకుడైన ఆ స్నేహితుడు సినిమా పూర్తిచేసే ఘట్టం ఎంతో పదునైనది. కాని అంతా చక్కబడినట్టు ముగియడంతో, ఆ తారను తయారుచేసిన వ్యవస్థకు శిక్ష తప్పిపోయింది.

హాలు నుంచి బయటికి వచ్చాక మేనేజరుతోనో, ఆపరేటరుతోనో, వేషాల కోసం వెళ్లి వచ్చిన పెద్దవారితోనో మాట్లాడండి. చూపించినవన్నీ నిజమేనా అని కాక, చూపకుండా వదిలేసింది ఏమిటని అడగండి. వారు చెప్పినవాటిలో ఆ దర్శక నిర్మాతలకు తెలియకుండా ఉండే అవకాశమే లేని సంగతులు ఎక్కువగా ఉంటే, మీ ప్రశంసను నటీనటులకూ సాంకేతిక నిపుణులకూ పరిమితం చేయండి.