ఓర్లాండో డిస్నీ వరల్డ్‌కి మొదటిసారి వెళ్తున్నారా?

ఇక్కడున్నవి 4 పెద్ద పార్కులు. రోజుకొకటి పెట్టుకోండి, ఒకేరోజు రెండు తిరగాలనుకుంటే బోలెడు సమయం బస్సుల్లోనే పోతుంది. 3 ఏళ్లలోపు పిల్లలకు టికెట్ అక్కర్లేదు, 10 నిండితే పెద్దల టికెట్టే.

రెస్టారెంట్ భోజనాల రిజర్వేషన్ 60 రోజుల ముందు తెరుస్తారు. క్యూ తగ్గించే లైట్నింగ్ లేన్ పాసులు డిస్నీ హోటల్లో దిగినవాళ్లకు 7 రోజుల ముందు, మిగతావాళ్లకు 3 రోజుల ముందు దొరుకుతాయి.

చాలామంది బోల్తాపడేది ఆ నాలుగు పార్కుల్లో ఒకటైన మ్యాజిక్ కింగ్‌డమ్ దగ్గర. కారు పార్కింగ్ గేటు పక్కన ఉండదు. అక్కణ్ణుంచి మోనోరైలో, ఫెర్రీయో ఎక్కాలి. అందుకే తెరిచే వేళకు గంట ముందే పార్కింగ్‌కి చేరండి. మొదటి గంటలో తిరిగినన్ని రైడ్లు మధ్యాహ్నంపూట మూడు గంటలపాటు ఉన్నా తిరగలేరు.

పిల్లల ఎత్తు ఇంట్లోనే కొలవండి: స్పేస్ మౌంటెన్ రైడ్ ఎక్కాలంటే కనీసం 44 అంగుళాలు, సెవెన్ డ్వార్ఫ్స్ మైన్ ట్రైన్ రైడ్‌కి 38 ఉండాలి. చంటిపిల్లలుంటే రైడర్ స్విచ్ అడగండి; ఒకరు పిల్లాణ్ణి పట్టుకుంటే ఇంకొకరు ఎక్కుతారు, తర్వాత రెండోవారు మళ్లీ మొత్తం క్యూలో నిలబడక్కర్లేదు.

పులిహోర తీసుకెళ్లొచ్చు. ఆవకాయ మాత్రం గాజు సీసాలో వద్దు, గేటు దగ్గరే ఆపేస్తారు. ఫుడ్ కౌంటర్లలో చల్లటి మంచినీళ్లు ఉచితం. వేసవిలో మధ్యాహ్నం ఉరుములొస్తే బయటి రైడ్లు ఆపేస్తారు, రెయిన్‌కోట్ ఇంటినుంచే తెచ్చుకోండి.