షాపులో బాగుంది, ఇంటికొచ్చాక బయటపడింది: సెకండ్‌హ్యాండ్ మగవాళ్ల బట్టల్లో సమస్యలు, పరిష్కారాలు

సెకండ్‌హ్యాండ్ షాపులో ఏరి తెచ్చుకున్న కోటో ప్యాంటో చేతిలో పట్టుకుని "ఇది బాగవుతుందేమో చూడు" అంటూ నా దగ్గరికి వచ్చేవాళ్లు చాలామంది. దాదాపు ప్రతిసారీ కథ ఒకటే. బ్రాండ్ చూశారు, అద్దంలో చూసుకున్నారు, కొనేశారు. వెలుతురుకి పట్టి చూడలేదు. లోపల చెయ్యి పెట్టలేదు. రెండూ కలిపి రెండు నిమిషాల పని. ఆ రెండు నిమిషాలూ ఆగకపోవడం వల్లే మంచి గుడ్డ మీద డబ్బు పోసి చివరికి బీరువా అడుగున పడేసుకుంటున్నారు.

ఉతకడం, ఇస్త్రీ, గుండీ కుట్టుకోవడం మీకు వచ్చనే అనుకుని రాస్తున్నాను.

సమస్య: లేబుల్ మీద మీ సైజే, ఒంటికి మాత్రం పట్టదు

లేబుల్ మీది నంబరు కొలత కాదు, కంపెనీ పెట్టుకున్న గుర్తు. 34 అని ఉన్న ప్యాంటు నడుముకి టేపు పెడితే 36 రావడం ఎన్నిసార్లు చూశానో లెక్కలేదు. యూరప్ కోటు మీద 50 అంటే అమెరికా, బ్రిటన్ లెక్కలో అది 40. పైగా అది ఒకరు వాడిన బట్ట. ఆయన నడుము దగ్గర లోపలికి కుట్టించుకుని ఉండొచ్చు, వేడినీళ్లలో ఉతికి కుదించి ఉండొచ్చు. ఆ సంగతులేవీ లేబుల్‌లో ఉండవు.

ఇంట్లో మీకు బాగా అమరిన చొక్కా, ప్యాంటు, కోటు నేల మీద పరిచి కొలవండి. భుజం కుట్టు నుంచి భుజం కుట్టుకి, ఈ చంక నుంచి ఆ చంకకి, చేతి పొడవు, నడుము, తొడ, కాలి లోపలి పొడవు. అవి ఫోన్‌లో రాసుకుని, జేబులో టేపు వేసుకుని వెళ్లండి. ఇంత తేలికైన పని ఎందుకు చెయ్యరో నాకు ఇప్పటికీ అర్థం కాదు.

ఇప్పటికే కొనేసి ఉంటే: నడుము, ప్యాంటు పొడవు, చేతుల పొడవు టైలర్ సరిచేస్తాడు. వదులు చేయాలంటే మాత్రం లోపల గుడ్డ మిగిలి ఉండాలి. ప్యాంటు వెనక నడిమి కుట్టు తిప్పి చూడండి, కుట్టుకి అటూ ఇటూ చెరో అంగుళం మడత ఉంటే మొత్తం మీద అంగుళం దాకా వస్తుంది. కింద మడత విప్పి పొడవు పెంచేటప్పుడు పాత మడత గీత రంగు వెలిసి కనిపిస్తుంది, అది ఏ ఇస్త్రీకీ పోదు. కోటు భుజం సరిపోకపోతే దాని మీద ఇంకేమీ ఖర్చు పెట్టకండి. భుజం విప్పి కుట్టడమంటే సగం కోటు మళ్లీ కుట్టడమే.

సమస్య: డ్రైక్లీనింగ్ నుంచి వచ్చాక, లేదా వానలో తడిశాక, కోటు ముందు భాగంలో బొబ్బలు

నన్ను బాగా దెబ్బతీసింది ఇదే. అందుకే కాస్త వివరంగా చెబుతాను.

ముదురు నీలం ఉన్ని కోటు ఒకటి దొరికింది. భుజం అమరింది, గుడ్డ మెత్తగా, బరువుగా ఉంది. చదివిన ప్రకారం ముందు భాగం గుడ్డని గిల్లి చూశాను. పైగుడ్డకీ లైనింగ్‌కీ మధ్య మూడో పొర విడిగా జారింది. అంటే లోపల కుట్టి పెట్టిన కాన్వాస్ ఉందన్నమాట, జిగురుతో అతికించిన పేస్టింగ్ కాదు అనుకుని సంబరపడి కొన్నాను. డ్రైక్లీనింగ్‌కి ఇచ్చి తెచ్చుకుంటే ల్యాపెల్ (కాలర్ కింద ఛాతీ మీదికి మడిచి ఉండే పట్టీ) పొడుగునా, ఛాతీ మీదా చిన్న చిన్న బొబ్బలు. షాపువాళ్లతో గొడవ పడ్డాను. వాళ్ల తప్పు లేదని, ఇలాంటి కోట్లే ఇంకో రెండు చూశాక గానీ తెలియలేదు.

అసలు జరిగేది ఇది. కోటు ముందు భాగం నిటారుగా నిలబడాలంటే పైగుడ్డకీ లైనింగ్‌కీ మధ్య ఇంకో పొర కావాలి. పాత పద్ధతిలో అది ఉన్ని, గుర్రపు వెంట్రుకలు కలిపి నేసిన కాన్వాస్, చేతికుట్టుతో వదులుగా పట్టి ఉంటుంది. రెడీమేడ్ కోట్లలో ఎక్కువ శాతం పేస్టింగ్: సన్నటి గుడ్డ మీద పాలీఅమైడ్ లాంటి ప్లాస్టిక్ జిగురు చుక్కలు ఉంటాయి, వేడి ప్రెస్ కింద పెడితే అవి కరిగి పైగుడ్డకి అతుక్కుంటాయి. ఏళ్లు గడిచే కొద్దీ వేడి, ఆవిరి, డ్రైక్లీనింగ్ ద్రావకం ఆ జిగురుని బలహీనపరుస్తాయి. అక్కడక్కడ పట్టు వదులుతుంది. తర్వాత తేమ తగిలితే ఉన్ని సాగుతుంది, లోపలి పేస్టింగ్ గుడ్డ సాగదు. ఎక్కువైన పైగుడ్డకి వెళ్లే దారి లేక పైకి లేస్తుంది. అదే బొబ్బ.

మోసం ఎక్కడంటే, జిగురు వదిలిన పేస్టింగ్ పొర కూడా గిల్లితే విడిగానే జారుతుంది, అచ్చం కాన్వాస్ లాగే. గిల్లి చూడమని చెప్పే ప్రతి ఒక్కరూ ఇక్కడే ఆపేస్తారు. పాడైన కోటు ఆ పరీక్షలో మంచి కోటుగా పాసైపోతుంది.

కాబట్టి ఇలా చూడండి. మొదట చేతి భాగాన్ని గిల్లండి. అక్కడ సాధారణంగా మధ్య పొర ఉండదు, పైగుడ్డా లైనింగూ రెండే ఎలా ఉంటాయో వేళ్లకి తెలుస్తుంది. తర్వాత ముందు భాగంలో ఒక్కచోట కాదు, నాలుగైదు చోట్ల గిల్లండి: ఛాతీ దగ్గర, మధ్య కాజా పక్కన, కింది కాజాకి బాగా కింద, జేబు మీద, అన్నీ రెండు వైపులా. కాన్వాస్ అయితే మధ్య పొర ముతకగా, నలిపితే తిరిగి లేచేలా తగులుతుంది, అంతటా ఒకే తీరుగా కదులుతుంది. సగం కాన్వాస్ కోటులో ఛాతీ దగ్గర విడిగా ఉంటుంది, కిందికి వెళ్తే అతుక్కుని ఉంటుంది, కానీ ఆ మార్పు కుడి ఎడమల్లో ఒకే ఎత్తులో వస్తుంది. ఒకచోట విడిగా, నాలుగు వేళ్ల అవతల గట్టిగా అతుక్కుని, మళ్లీ విడిగా ఉందంటే, ఒక వైపు అతుక్కుని రెండో వైపు జారుతోందంటే, ఆ కోటు జిగురు వదులుతోంది. మధ్య పొర పల్చగా, కాగితంలా తగలడం ఇంకో గుర్తు.

తర్వాత ల్యాపెల్ తిప్పి అడుగు చూడండి. చేతికుట్టు కాన్వాస్ అయితే సూది గుచ్చిన చోట్ల సన్నటి గుంటలు వరసగా కనిపిస్తాయి. ల్యాపెల్‌ని బొటనవేలికీ చూపుడు వేలికీ మధ్య పట్టుకుని మెల్లగా చుట్టి వదలండి. మంచిది తిరిగి సాఫీగా తెరుచుకుంటుంది. జిగురు వదిలినది మధ్యలో విరిగినట్టు మడతపడుతుంది, ఒక్కోసారి చిటపట చప్పుడు వినిపిస్తుంది. చివరగా కోటుని కిటికీ దగ్గరికి తీసుకెళ్లి వెలుతురు పక్క నుంచి పడేలా పట్టుకోండి. పైనుంచి పడే ట్యూబ్‌లైటు కింద కనిపించని ఎగుడుదిగుడులు పక్క వెలుతురులో నీడలుగా తేలతాయి.

అది ఇస్త్రీ లోపమేమో అని అనుమానం వస్తే, ఇంటికొచ్చాక ఆవిరి పట్టి పూర్తిగా చల్లారనివ్వండి. ముడత అయితే పోతుంది. బొబ్బ చల్లారగానే తిరిగి లేస్తుంది.

ఇక పరిష్కారం. ఒకటి రెండు చిన్న బొబ్బలు, అవి కూడా ల్యాపెల్ మీద కాకుండా కింది భాగంలో ఉంటే, పైన తడిగుడ్డ వేసి వేడి ఇస్త్రీ పెట్టెతో రుద్దకుండా పది పదిహేను సెకన్లు నొక్కి పట్టండి, ఎత్తాక చల్లారేదాకా కదపకండి. మిగిలిన జిగురు మళ్లీ పట్టుకుంటే కొన్నాళ్లు వస్తుంది. సూదితో జిగురు ఎక్కించే టైలర్లు కూడా ఉన్నారు, చేయి తిరిగినవాడైతే పనవుతుంది, లేకపోతే గుడ్డ మీద మరక తేలుతుంది. ఛాతీ అంతా వదిలిన కోటుకి ముందు భాగం మొత్తం విప్పి మార్చడం ఒక్కటే దారి, ఆ ఖర్చు కోటు ధరని దాటిపోతుంది. అలాంటిది ఎంత మంచి గుడ్డైనా షాపులోనే వదిలేయండి. చొక్కా కాలర్‌లోనూ కఫ్‌లోనూ ఇదే పేస్టింగ్, ఇవే బొబ్బలు. కాలర్ చూడకుండా చొక్కా కొనకండి.

సమస్య: కొన్నప్పుడు లేని చిల్లులు ఉతికాక వచ్చాయి

చిల్లులు ముందే ఉన్నాయి. ఉన్నిని తినేది ఎగిరే చిమ్మట కాదు, దాని పిల్ల పురుగు. అది పోగుని సగం కొరికి వదిలేస్తుంది, ఆ పోగు ఉతికేటప్పుడు తెగుతుంది. షాపులో స్వెటర్‌ని కిటికీకి ఎదురుగా పట్టి చూస్తే పల్చబడిన చోట్లు చుక్కల్లా మెరుస్తాయి. కోటు కాలర్ అడుగు, జేబుల లోపలి మూలలు, ప్యాంటు కింది మడత తప్పకుండా తిప్పి చూడండి. తెల్లటి పట్టుగూటి ముక్కలు కనిపిస్తే తిరిగి తగిలించండి.

ఏ ఉన్ని బట్ట తెచ్చినా బీరువాలోకి నేరుగా పోనివ్వకండి. పాలిథిన్ సంచిలో గాలి తీసి మూతికట్టి -18 డిగ్రీల ఫ్రీజర్‌లో 2 వారాలు ఉంచండి. బయటికి తీశాక సంచి వెంటనే విప్పకండి, గది వేడికి వచ్చేదాకా ఆగితే బట్ట మీద చెమ్మ పట్టదు. కోటు గుడ్డ మీద చిన్న చిల్లుకి రఫూ చేయించుకోవచ్చు. మంచి రఫూవాడు కోటు లోపలి మడత నుంచే పోగులు లాగి నేస్తాడు, అతుకు కనిపించదు. చిల్లులు చెదురుమదురుగా పదిచోట్ల ఉంటే మాత్రం కష్టం వృథా.

సమస్య: బూట్లు కొత్తవాటిలా ఉన్నాయి, మొదటిసారి నడవగానే సోల్ పొడిపొడి అయింది

పాలీయూరిథేన్ అనే ప్లాస్టిక్‌తో చేసిన సోల్. గాలిలో తేమకే ఏళ్ల తరబడి విచ్ఛిన్నమవుతుంది, పెట్టెలో దాచినా సరే. అరగని సోల్ చూసి మోసపోకండి. రెండు చేతులతో సోల్ వంచండి, అంచుకి గోరు గుచ్చండి. పగుళ్లు కనిపించినా, జిగటగా తగిలినా, ముక్క రాలినా వద్దు. పై తోలు బాగుండి, సోల్ కుట్టి బిగించిన రకమైతే కొత్త సోల్ వేయించుకోవచ్చు.

సమస్య: వేసుకున్న అరగంటకి చంకలో పాత చెమట వాసన

చల్లగా ఉన్న బట్టలో వాసన నిద్రపోతుంది, ఒంటి వేడికి లేస్తుంది. షాపులో చంక భాగాన్ని అరచేతుల మధ్య నిమిషం వేడెక్కించి వాసన చూడండి. నూలు చొక్కాకైతే గోరువెచ్చని నీళ్లలో ఆక్సిజన్ బ్లీచ్ కలిపి కొన్ని గంటలు నానబెడితే పసుపు మరకా వాసనా రెండూ తగ్గుతాయి. క్లోరిన్ బ్లీచ్ పొయ్యకండి, ఆ పసుపు ఇంకా ముదురుతుంది. ఉన్నికీ పట్టుకీ ఈ రెండు బ్లీచ్‌లూ పనికిరావు. పాలియెస్టర్ చెమటలోని జిడ్డుని పట్టుకుని వదలదు. ఎంజైమ్ ఉన్న డిటర్జెంట్ పౌడర్‌తో రెండుసార్లు నానబెట్టి ఉతికినా పోకపోతే ఇక పోదు.

మిగతావి

ప్యాంటు సీటు దగ్గర మెరుపు: ఇస్త్రీ వల్ల వచ్చినదైతే ఆవిరి పట్టి బ్రష్ చేస్తే తగ్గుతుంది, అరుగుదల వల్ల వచ్చినదైతే పోదు. స్ట్రెచ్ జీన్స్ తొడ మీద అలలు: లోపలి ఎలాస్టేన్ (సాగే పోగు) చచ్చిపోయింది, పరిష్కారం లేదు. అట్టకట్టిన ఉన్ని స్వెటర్: అంతే. విడిగా అమ్మే కోటు ఏ ప్యాంటు మీదికీ కుదరకపోతే అది సూటు నుంచి విడిపోయిన కోటు, నున్నటి గుడ్డ చూస్తేనే తెలుస్తుంది. నల్లుల భయం చాలామందికి ఉంటుంది కానీ నాకు ఇన్నేళ్లలో ఎదురుకాలేదు. అనుమానముంటే, ఆ వేడికి తట్టుకునే బట్టైతే డ్రయర్‌లో అరగంట ఎక్కువ వేడి మీద తిప్పండి.