80 కిలోమీటర్ల మాడ్యూల్‌ను మీటరు కేబుల్‌తో పరీక్షించకండి

మొన్న ఒక చిన్న ఇంటర్నెట్ సంస్థ వాళ్లు రాత్రి లైను మార్చాల్సి ఉండగా, కొత్తగా కొన్న జెడ్‌ఆర్ మాడ్యూళ్ల (ఫైబర్‌లో సుమారు 80 కిలోమీటర్ల దాకా కాంతిని పంపి, అందుకునే పరికరాలు) జతను సాయంత్రమే పాడుచేసుకున్నారు. బయలుదేరే ముందు ఒకసారి చూసుకుందామని బల్ల మీదే రెండు నెట్‌వర్క్ స్విచ్‌లకు పెట్టి, మీటరు ప్యాచ్ కార్డ్‌తో, అంటే పొట్టి ఫైబర్ కేబుల్‌తో కలిపారు. లింకు రాలేదు. మన స్విచ్‌కు పడని సరుకు అంటగట్టారంటూ అమ్మినవాడి మీద పడ్డారు.

సరుకు మంచిదే. 10 గిగాబిట్ జెడ్‌ఆర్ మాడ్యూల్ సాధారణంగా 0 నుంచి 4 డీబీఎం (కాంతి బలానికి కొలత) దాకా కాంతిని పంపుతుంది. అవతలి రిసీవర్ సరిగా పనిచేసేది మైనస్ 7 డీబీఎం వరకే. అంటే దారిలో కనీసం 11 డీబీ (ఆ బలం ఎంత తగ్గిందో చెప్పే లెక్క) తగ్గాలి. 80 కిలోమీటర్ల ఫైబర్‌లో అది దానంతటదే తగ్గుతుంది. మీటరు ముక్కలో తగ్గేదేమీ ఉండదు. ఆ కాంతి అంతా నేరుగా రిసీవర్ మీద పడుతుంది. ఒక్కోసారి పూర్తిగా పోతుంది. ఒక్కోసారి సగమే దెబ్బతిని, బల్ల మీద పనిచేసి లైనులో చేతులెత్తేస్తుంది. ఇది ఇంకా ప్రమాదం.

‘ఎక్కువ దూరానిది కొంటే నష్టమేముంది’ అనేవాళ్లదీ ఇదే పొరపాటు. 30 కిలోమీటర్ల ఫైబర్‌లో కిలోమీటరుకు పావు డీబీ చొప్పున తగ్గేది 7.5 మాత్రమే. కాంతిని తగ్గించే చిన్న ముక్క, అటెన్యుయేటర్ తప్పదు. బల్ల మీదైతే రెండు వైపులా 15 డీబీది పెట్టాకే కలపండి.

స్విచ్ మాడ్యూల్‌ను గుర్తించకపోవడం వేరే సంగతి. మాడ్యూల్ మెమరీలోని తయారీదారు పేరు చదివి కొన్ని స్విచ్‌లు తిరస్కరిస్తాయి. కొనేటప్పుడే మీ స్విచ్ మోడల్, సాఫ్ట్‌వేర్ వెర్షన్ చెప్పి, ఆ మెమరీని మీ స్విచ్‌కు తగ్గట్టు రాయించుకోండి (దీన్నే కోడింగ్ అంటారు). స్విచ్‌లన్నింటిలో సాఫ్ట్‌వేర్ మార్చే ముందు, ఒకదానిలో మార్చి ఒక్క పోర్ట్‌లో మాడ్యూల్‌ను పరీక్షించండి.

ఇక మిగిలినవి:

ఒక చివర ఎల్‌ఆర్ (దూరానిది), మరో చివర ఎస్‌ఆర్ (దగ్గరిది) మాడ్యూల్ పెట్టకండి. ఒకదాని కాంతి తరంగదైర్ఘ్యం 1310, ఇంకొకదానిది 850 నానోమీటర్లు.
బైడీ (ఒకే ఫైబర్‌లో రెండు వైపులా పంపేది) అయితే 1270 పంపేదానికి ఎదురుగా 1330 పంపేదే ఉండాలి.
కొన ఏటవాలుగా ఉండే ఆకుపచ్చ కనెక్టర్‌ను, ఏటవాలు లేని నీలం దానిలోకి నెట్టకండి.
25 గిగాబిట్‌లో ఎఫ్‌ఈసీ (తప్పులు సరిదిద్దే పద్ధతి) సెట్టింగ్ రెండు వైపులా ఒకటే పెట్టండి.
పెట్టే ప్రతిసారీ కనెక్టర్ తుడవండి. కొత్తదైనా సరే.
ఫైబర్ చివరలోకి కంటితో చూడకండి. 1550 నానోమీటర్ల కాంతి కంటికి కనిపించదు.
లింకు లైటు వెలిగిందని వచ్చేయకండి. స్విచ్‌లో రిసీవ్ పవర్, అంటే అందుతున్న కాంతి ఎంతో చదవండి.
సంచిలో అటెన్యుయేటర్ లేదా? జెడ్‌ఆర్ ముట్టుకోకండి.
పాత మాడ్యూళ్లు తెల్లవారే దాకా అక్కడే ఉంచండి.