చూసిన సినిమాను రాసిపెట్టుకోవడం ఎలా

సినిమా చూసి వచ్చాక ఫస్టాఫ్ బాగుందనో, సెకండాఫ్ సాగిందనో ఒక తీర్పు చెప్పి ఊరుకోవడం మనలో చాలామందికి అలవాటు. కొన్ని నెలలు గడిచేసరికి ఆ తీర్పు ఒక్కటే మిగులుతుంది తప్ప తెర మీద మనం చూసినదేదీ గుర్తుండదు. చూసిన ప్రతి సినిమానూ తేదీతో సహా నమోదు చేసి, దాని గురించి నాలుగు వాక్యాలు రాసే అలవాటు ఈ మరుపును ఆపడమే కాదు, తర్వాతి సినిమాను చూసే తీరునే మారుస్తుంది. 2011లో న్యూజిలాండ్‌లోని ఆక్లాండ్‌లో మొదలైన లెటర్‌బాక్స్‌డ్ అనే వెబ్‌సైటు ఇందుకు అనువైన వేదిక.

ఖాతా తెరవగానే ఎప్పుడో చిన్నప్పుడు చూసిన సినిమాలన్నింటికీ వరుసగా రేటింగులు ఇవ్వాలనిపిస్తుంది. దయచేసి ఆ పని చేయకండి. మసకబారిన జ్ఞాపకానికి ఇచ్చే అంకె ఎవరికీ ఉపయోగపడదు. పాత సినిమాలను చూసినట్టు గుర్తు పెట్టి వదిలేసి, డైరీని మాత్రం ఈ రోజు చూసిన సినిమాతో మొదలుపెట్టండి. నమోదు చేసే ముందు సంవత్సరం సరిచూసుకోవాలి. 1951లో వచ్చిన మల్లీశ్వరి వేరు, 2004లో వచ్చిన మల్లీశ్వరి వేరు. ఏ రూపంలో చూశారో కూడా రాయండి. 1957 నాటి మాయాబజార్‌ను నలుపు తెలుపుల్లో చూడటం, రంగులద్ది 2010లో విడుదల చేసిన ప్రతిని చూడటం ఒకే అనుభవం కాదు.

రాయడంలో అన్నిటికంటే ముఖ్యమైన నియమం ఒకటుంది: ముందు చూసినది రాయాలి, తర్వాత అనిపించినది రాయాలి, రేటింగ్ చివరన ఇవ్వాలి. మాయాబజార్ చూసి ‘సావిత్రి నటన అద్భుతం’ అని రాస్తే అందులో అబద్ధమేమీ లేదు, కానీ ఆ మాట సావిత్రి నటించిన ఏ సినిమాకైనా సరిపోతుంది. దానికి బదులు ‘అహ నా పెళ్ళియంట’ పాటనే తీసుకోండి. అక్కడ సావిత్రి శశిరేఖ కాదు, శశిరేఖ రూపంలో ఉన్న ఘటోత్కచుడు. సుశీల గొంతు వినిపిస్తున్నంతసేపూ పెళ్ళికూతురి సిగ్గూ వయ్యారమూ ఒలకబోసిన ఆ ముఖమే, మధ్యలో ఘంటసాల గొంతు రాగానే రాక్షసుడి దర్పానికి మారిపోతుంది. గొంతు మారిన క్షణంలో భుజాలు ఎలా ఉన్నాయి, చూపు ఎటు తిరిగింది, నడక ఎలా మారింది అన్నవి గమనించి మూడు వాక్యాల్లో పెట్టగలిగితే, మీరు ప్రశంసకు కారణం కనిపెట్టినట్టే. ఇలా కొన్ని సినిమాలకు రాశాక, చూస్తున్నప్పుడే కన్ను వివరాల కోసం వెతకడం మొదలుపెడుతుంది. ఈ అలవాటు వల్ల కలిగే అసలైన లాభం ఇదే అని నా నమ్మకం.

సినిమా చూసిన రాత్రే, లేదా మర్నాడు పొద్దున్నే రాయడం మంచిది. రాయడం పూర్తయ్యేదాకా సగటు రేటింగునూ ఇతరుల సమీక్షలనూ చూడవద్దు, ఎందుకంటే ఒకసారి వాళ్ళ మాటలు చెవిన పడ్డాక మన అభిప్రాయం ఏదో, అరువు తెచ్చుకున్నది ఏదో తేల్చుకోవడం కష్టం. రేటింగ్ అర నక్షత్రం నుంచి ఐదు నక్షత్రాల వరకూ ఉంటుంది. నచ్చిన హీరో సినిమాకూ నచ్చని హీరో సినిమాకూ ఒకే కొలత వాడితే చాలు. కథలోని మలుపు బయటపెడుతున్నట్లయితే స్పాయిలర్ గుర్తు తప్పకుండా పెట్టండి. ఇక తెలుగులో రాయడానికి సంకోచించనక్కర్లేదు. పాటలోని పదం గురించో, మాటల్లోని యాస గురించో తెలుగులో చెప్పగలిగినంత సూటిగా వేరే భాషలో చెప్పలేము.

డైరీ కొంత నిండాక జాబితాలు తయారుచేయండి. హీరోల వారీగా చేసే జాబితాల కంటే సాంకేతిక నిపుణుల వారీగా చేసేవి మనల్ని చాలా దూరం తీసుకెళ్తాయి. ఉదాహరణకు ఛాయాగ్రాహకుడు మార్కస్ బార్ట్‌లే పేరుతో ఒక జాబితా మొదలుపెడితే పాతాళభైరవి, మిస్సమ్మ, మాయాబజార్, గుండమ్మ కథ వరుసగా చేరతాయి. వీటిని మనం ఎన్నోసార్లు చూసి ఉంటాం, కానీ ఒకే మనిషి చూపుగా చూసి ఉండకపోవచ్చు. అదే జాబితాలో 1965 నాటి మలయాళ చిత్రం చెమ్మీన్ కూడా కనిపిస్తుంది. స్టూడియో సెట్లలో వెన్నెలను సృష్టించిన ఆ నిపుణుడు నిజమైన సముద్రాన్ని రంగుల్లో ఎలా పట్టుకున్నాడో చూడాలన్న కోరిక పుడుతుంది. చెమ్మీన్ సంగీతం బెంగాలీ స్వరకర్త సలిల్ చౌధురిది కనుక అక్కడి నుంచి దారి బెంగాల్‌కు మళ్ళుతుంది.

అదే సినిమాను మళ్ళీ చూసినప్పుడు పాత సమీక్షను దిద్దకుండా, తిరిగి చూసినట్టు గుర్తు పెట్టి కొత్తది రాయండి. రెండింటినీ పక్కపక్కన పెట్టి చదివితే మారినది సినిమా కాదని తెలుస్తుంది.

పాత తెలుగు చిత్రాల పేజీల్లో కూర్పు, కళ, మాటలు వంటి విభాగాల వారి పేర్లు లేకపోతే, సినిమా టైటిల్స్‌లో చూసి మీరే చేర్చవచ్చు. లెటర్‌బాక్స్‌డ్ తన వివరాలను టీఎండీబీ అనే సమాచార నిధి నుంచి తీసుకుంటుంది, దానిలో సభ్యులెవరైనా సవరణలు చేయవచ్చు. చివరగా, అప్పుడప్పుడు సెట్టింగుల్లోకి వెళ్ళి మీ డైరీని, సమీక్షలను ఫైలుగా దించుకుని మీ కంప్యూటర్లో ఒక ప్రతి ఉంచుకోండి.