స్కేట్‌పార్క్‌కి పిల్లల్ని పంపే ముందు

తిరుపతి, చిత్తూరు చుట్టుపక్కల ఏ చిన్న ఊళ్ళోనైనా కొత్తగా స్కేట్‌పార్క్, అంటే చక్రాల బోర్డు (స్కేట్‌బోర్డు) మీద ఆడుకునే కాంక్రీటు స్థలం, తెరిచారంటే మొదటి నాలుగు రోజులు ఊరంతా అక్కడే ఉంటుంది. అందులోనూ వేసవి సెలవులు. స్కేటింగ్ చేసేవాళ్ళు పది మందైతే చూడ్డానికొచ్చేవాళ్ళు వంద మంది. నాకు అసలు భయం ఈ గుంపుతోనే.

నున్నగా వంపు తిరిగిన కాంక్రీటు గోడ కనిపిస్తే చిన్నపిల్లలు దాన్ని జారుడుబల్ల అనుకుంటారు. దాన్ని క్వార్టర్ పైప్ అంటారు. పైనుంచి బోర్డు మీద దిగే పిల్లాడు అడుగుకి వచ్చేసరికి మంచి వేగంలో ఉంటాడు, చటుక్కున ఆగలేడు. ఆ దారిలోకి మూడేళ్ళ పాప పరిగెత్తుకొస్తే ఇద్దరికీ దెబ్బలే. అందుకే చంటిపిల్లలు, పెద్దవాళ్ళు, ఫోటోలు తీసేవాళ్ళు కంచె బయటే ఉండాలి. అంచు మీద కాళ్ళు వేలాడేసుకుని కూర్చోకూడదు, వంపు కింద నిలబడకూడదు. ఈ మాట మొహమాటపడకుండా చెప్పండి: "తాతా, కొంచెం ఇవతలికి రాండి, పిల్లోళ్ళు దిగతా ఉండారు" అంటే ఎవరూ కోపం చేసుకోరు.

ఆడే పిల్లలు కూడా వెళ్ళగానే బోర్డు ఎక్కకుండా కాసేపు నిలబడి చూడాలి. ఎవరు ఎటునుంచి దిగుతున్నారు, ఎటు తిరుగుతున్నారు అన్నది అర్థమయ్యాకే లోపలికి. ఒక వంపు మీద ఒకసారికి ఒక్కరే. కాళ్ళ కింద నుంచి బోర్డు జారిపోతే "బోర్డ్!" అని గట్టిగా అరవాలి, అది ఎదుటివాడి చీలమండకి తగిలితే మామూలుగా ఉండదు.

ఇక నేల. మన ఊళ్ళలో గాలి వీస్తే ఇసుక, ఆకులు, కంకర ముక్కలు అన్నీ లోపలే. స్కేట్‌బోర్డు చక్రాలు చిన్నవి, గట్టివి. శనగగింజంత రాయి అడ్డం పడినా బోర్డు టక్కున ఆగుతుంది, మనిషి మాత్రం ముందుకెళ్ళి పడతాడు. కాబట్టి సంచీలో ఒక చీపురు పెట్టుకెళ్ళండి. ముందు ఊడ్చడం, తర్వాతే ఆట. కొత్త కాంక్రీటు కదా అని నమ్మేయకుండా పలకల మధ్య అతుకుల మీద చెయ్యిపెట్టి చూడండి, ఎత్తుపల్లాలు తెలుస్తాయి. అకాల వాన పడితే పూర్తిగా ఆరేదాకా ఆగాలి.

ఎండ సంగతి మీకు చెప్పాల్సిన పని లేదు. మే నెలలో మధ్యాహ్నం కాంక్రీటు మీద చెయ్యి పెట్టలేం, అంచున ఉండే ఇనుప గొట్టం అయితే చర్మం కాలుస్తుంది. పొద్దున ఎనిమిదిలోపు వెళ్ళిరండి, లేదంటే సాయంత్రం నేల చల్లబడ్డాక. మజ్జిగ సీసా తప్పనిసరి.

హెల్మెట్ లేకుండా లోపలికి పంపొద్దు. నాన్న బండి హెల్మెట్ పనికిరాదు. పిల్లాడి మెడకి బరువు, పక్కన ఏం వస్తోందో కనిపించదు, వినిపించదు. స్కేటింగ్‌కి చేసింది కొనండి. నుదుటి మీద కనుబొమలకి రెండు వేళ్ళ ఎత్తులో కూర్చోవాలి, పట్టీ బిగించాక తల ఊపినా కదలకూడదు. మోకాలు, మోచేతి ప్యాడ్‌లతో పాటు మణికట్టు గార్డులు కూడా కొనండి, ఎందుకంటే పడేటప్పుడు ఎవరైనా ముందు చేతులే ఆనిస్తారు. చెప్పులు వద్దు, అడుగు చదునుగా ఉన్న బూట్లు వేయించండి. చున్నీలు, వేలాడే కమ్మలు, గాజులు ఇంట్లోనే తీసిపెట్టించండి. పడడం కూడా నేర్పించాలి: మోకాళ్ళు వంచి, ఒంటిని ముడుచుకుని, భుజం మీదుగా దొర్లడం గడ్డిలో నాలుగైదుసార్లు చేయిస్తే చాలు, అలవాటవుతుంది.

తలకి దెబ్బ తగిలాక వాంతి అయినా, మత్తుగా ఉన్నా, అడిగిందే అడుగుతున్నా ఇంటికి తీసుకెళ్ళి పడుకోబెట్టొద్దు. వెంటనే 108కి ఫోన్ చేయండి. ఏమీ లేనట్టే కనిపించినా ఆ రోజుకి ఆట ఆపేయాల్సిందే.

చెయ్యి వాచిందంటే మన వైపు మొదట వచ్చే మాట "పుత్తూరుకు పోయి కట్టు కట్టిస్తే సరిపోతుంది" అనే. విరిగిన ఎముకలకి అక్కడ కట్టే నాటు కట్టు మీద తరతరాల నమ్మకం అది, నేను కాదనను. కానీ పిల్లల విషయంలో ముందు ఎక్స్‌రే, డాక్టరు మాట. పిల్లల ఎముకల చివర్లలో ఎదిగే భాగం ఉంటుంది. అక్కడ విరిగి సరిగ్గా అతకకపోతే చెయ్యి వంకరగానో పొట్టిగానో పెరగొచ్చు. మోచేతి దగ్గర విరిగితే రక్తనాళం నలిగే ప్రమాదం కూడా ఉంది. చర్మం చీలి ఎముక కనిపిస్తే మారు మాట లేకుండా ఆసుపత్రికే, తిరుపతిలో అయితే రుయాకి. దారిలో నూనె రాసి మర్దన చేయొద్దు, లాగొద్దు. ఏ వంపులో ఉందో ఆ వంపులోనే అట్టముక్క ఆనించి తువ్వాలుతో వదులుగా కట్టండి. ఎవరు కట్టిన కట్టు అయినా సరే, వేళ్ళు నీలంగా, చల్లగా మారినా, తిమ్మిరెక్కినా, వేలు కదిపితే పిల్లాడు కేకలు పెట్టినా, తెల్లారేదాకా ఆగకుండా ఆ రాత్రే ఆసుపత్రికి తీసుకెళ్ళి విప్పించండి.